మొదటి కండె

కరెంటు పోయి మరమగ్గాలు ఆగితే తప్ప భివండీలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఇప్పుడు గల్లీ అవతల ఎవరో గిన్నెలు తోముతున్నది వినిపిస్తోంది, పైన రేకుల మీద కాకి నడుస్తున్నది వినిపిస్తోంది, మూలన గోనెసంచుల మీద తువ్వాలు ముఖాన కప్పుకొని పడుకున్న సామ్యేలన్న గురక వినిపిస్తోంది, మల్లవ్వక్క గాజులు పళ్ళెం అంచుకు తగిలినప్పుడల్లా ఆ చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ గాజుల చప్పుడే నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిండుగా నూలు చుట్టిన రెండు కండెలు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేవాలని అక్క పట్టుచీర కట్టుకొని స్టూలు మీద కూర్చుంది. నేను గడపలో కూర్చున్నాను. ఇది మా కొత్త కార్ఖానా. కొత్త అనడమే గానీ గోడలు పాతవి, సాంచాలు అంతకన్నా పాతవి. నిరుడు వరదలో మునిగి తుప్పుపట్టి తుక్కు దుకాణానికి పోబోతున్న రెండు మరమగ్గాలను పట్టుకొచ్చి, సామ్యేలన్నతో విప్పించి, గీకించి, నూనె పెట్టించి మళ్ళీ నిలబెట్టాం. వీటికి యజమానురాలు ఉండడం ఒక్కటే కొత్త. సుశీలాబాయి సాంచాలు! లోపల లోపల అనుకుంటేనే నవ్వొస్తోంది, పైకి అంటే ఏమవుతానో. ఊళ్ళో ఉత్త సుశీలను, ఇక్కడికొచ్చాక బాయిని అయ్యాను, ఇప్పుడు సేటునయ్యాను, కానీ పొద్దున్నే నా సాంచాకు నన్నే దూరంగా కూర్చోమన్నారు.

అన్నది పరాయివాళ్ళు కాదు, మల్లవ్వక్కే. మా ఆయన నారాయణకు సొంత వదిన, నాకు యారాలు. ఇక్కడ మనవాళ్ళలో ఒక పద్ధతుంది. కొత్త సాంచా మొదటిసారి నడిపేటప్పుడు పుస్తె మెడలో ఉన్న ఆడమనిషి వచ్చి చట్రానికి పసుపు కుంకుమ పెట్టాలి, మొదటి కండెను పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టాలి, హ్యాండిల్ లాగాలి. పుస్తె లేనిది ఎదురుగా నిలబడకూడదు. అక్క గొంతు తగ్గించి, నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పింది. "సుశీలా, జర దూరం కూసో బిడ్డా. సాంచ మీద నీ నీడ పడకుంట సూస్కో. నీ మంచికే చెప్తున్న." నేను "సరే అక్కా" అన్నాను. అలవాటు మీద వచ్చేసింది ఆ మాట. ఎన్నేళ్ళుగానో అంటూ వచ్చిన మాట కదా, నోరు నన్ను అడగకుండానే అనేసింది. నా బిడ్డ రూపాలికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, కోపం వస్తే తెలుగు సగంలోనే ఆగిపోతుంది. "అమ్మా, సాంచే తుఝేచ్ ఆహేత్ నా? తూచ్ చాలూ కర్. ఎవలేమంటరో నేను చూస్త" అంది. సాంచాలు నీవే కదా, నువ్వే మొదలుపెట్టు అని దాని మాట. పేడాలు తెస్తానని ధామన్కర్ నాకా చౌరస్తాకు విసవిస వెళ్ళిపోయింది. అది వచ్చేలోపో, కరెంటు వచ్చేలోపో, ఏది ముందైతే దానిలోపు నేను ఒక సంగతి తేల్చుకోవాలి. నా సాంచా హ్యాండిల్ నేను లాగాలా, వద్దా?

తేల్చుకోవడం ఎట్లాగో నాకు నేర్పిన మనిషి అదిగో గురక పెడుతున్నాడు. హనుమాండ్లు సేటు కార్ఖానాలో నేను కండెలు చుట్టే రోజుల్లో ఒక సాంచా పాడు బట్ట నేసేది. నేసిన బట్టలో జానెడుకొకచోట పోగులు తెగి చిల్లి పడేది. సేటు దిష్టి అన్నాడు. నేసేవాళ్ళు ఆ సాంచా మీద ఎవరో ఏడ్చారన్నారు. సేటు నిమ్మకాయలు కట్టబోతుంటే సామ్యేలన్న చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దని కాదు. "కట్టు సేటూ, కానీ నేను పానా పట్టకముందే కట్టు. రెండు రోజులు నిమ్మకాయలతోటే నడువనీ. ఒక్కటి మార్సు, మిగిలినయి ముట్టకు. అన్నీ ఒక్కసారే మారిస్తె, బాగైనా గూడ దేనితోటి బాగైందో ఎట్ల తెలుస్తది?" నిమ్మకాయలతో నడిచింది, చిల్లులు పడుతూనే ఉన్నాయి. అప్పుడు సామ్యేలన్న కూర్చొని పడుగు చుట్టిన భీము మార్చి చూశాడు, అదే చిల్లి. భీము మళ్ళీ పాతదే పెట్టి పోగులు దూర్చే అచ్చు మార్చాడు, అదే చిల్లి. చివరికి నాడె మార్చాడు, చిల్లి పోయింది. నాడె కొన చిట్లి ఉంది, పోయినప్పుడల్లా పోగులను గీరుతోంది. అంతే. అందరూ నవ్వుకొని పోయారు గానీ ఆ రోజంతా కండెలు ఎట్లా చుట్టానో నాకు మాత్రం తెలియదు. ఒక్కటి మార్చు, మిగిలినవి ముట్టకు. ఇంత చిన్న మాటతో లోకంలో ఇన్ని ముడులు విప్పొచ్చా అని ఒళ్ళు పులకరించింది. అంతా చేసి, పానాతో చివరి నట్టు బిగించేటప్పుడు మాత్రం "ప్రభువా" అంటాడు సామ్యేలన్న. మరి అదేంటన్నా అని అడిగితే, "ప్రార్థన వేరే, పానా వేరే చెల్లె. ప్రార్థన నా కోసం, పానా సాంచ కోసం" అన్నాడు. అది కూడా నాకు నచ్చింది.

అప్పటినుంచి నాకు ఎందుకు అనే రోగం పట్టుకుందని గల్లీలో నవ్వుతారు. పప్పు ఉడక్కపోతే నీళ్ళు మార్చి చూస్తాను, పప్పు మార్చి చూస్తాను, రెండూ ఒకేరోజు మార్చను. రూపాలికి వానాకాలం రొప్పు వస్తే వానదేనా, చెమ్మ పట్టిన ఆ గోడదా అని మంచం గోడ దగ్గరినుంచి జరిపి చూశాను. గోడదే! ఆ రోజు ఏదో కోట గెలిచినట్టు గల్లీ అంతా తిరిగి చెప్పాను. ఇన్నింటి మీద పెట్టిన ఆ పానా నా మీద నేను ఎప్పుడూ పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదో ఇప్పుడు తెలుస్తోంది. భయం. విప్పి చూస్తే లోపల నిజంగానే ఏదో చిట్లి ఉంటే? వాళ్ళన్నదే నిజమైతే?

సరే, చూద్దాం. ఎండ ఇంకా రేకుల మీదే ఉంది, తొందరేం లేదు. నారాయణ పోయిన రోజు పొద్దున నేను ఇంటి దగ్గర కండెలు చుడుతున్నాను. ఆస్పత్రినుంచి కబురొచ్చింది. కబురు రాకముందు ఈ చెయ్యి మంచి చెయ్యి, బతుకమ్మ పేరిస్తే పక్కింటివాళ్ళు కూడా మా పళ్ళెంలో ఇంకో రెండు పూలు పెట్టు సుశీలా అనేవారు. కబురు వచ్చాక ఇదే చెయ్యి చెడ్డదైంది. చేతిలో ఏం మారింది? నూలు ఒరుసుకొని చూపుడువేలు పక్కన పడిన కాయ అట్లాగే ఉంది. గీతలు అట్లాగే ఉన్నాయి. ఆ మూడు మాటల కబురు చెవిలోంచి వచ్చి చేతిలోకి ఎట్లా దిగింది? కబురు తెచ్చినవాడు దారిలో ఒక గంట ఆలస్యమయ్యాడని తర్వాత తెలిసింది. మరి ఆ గంటసేపు నా చెయ్యి ఏ చెయ్యి? అప్పుడు చుట్టిన కండెలు మంచివా, చెడ్డవా? అవి తీసుకుపోయి నేసిన బట్ట ఎవరో కట్టుకొనే ఉంటారు. చినిగేదాకా బాగానే కట్టుకొని ఉంటారు. ఇట్లా అనుకుంటుంటే నవ్వు, ఏడుపు రెండూ కలిసి వస్తున్నాయి. రానీ.

మా అత్త మాత్రం ఊరినుంచి దిగుతూనే, గుమ్మంలోనే అనేసింది, నీ పాదం మంచిది కాదే, నా కొడుకును మింగినవని. కొడుకు పోయిన తల్లి, ఏమన్నా పడాలి, పడ్డాను. కానీ ఆ అత్తే, దినాలన్నీ అయ్యాక, చల్లబడి కూర్చొని కొడుకు చిన్నతనం చెప్పుకుంటూ, భివండీకి వచ్చిన కొత్తలోనే పిల్లగాడికి దగ్గు పట్టింది, పెండ్లి చేస్తే ఇంటి కూడు తిని తేరుకుంటాడనుకున్నం అంది. ఆ మాట విని నేను ఊరుకున్నాను గానీ అది నా లోపల ఎక్కడో ముడిపడి ఉండిపోయింది. ఇప్పుడు విప్పుతున్నాను. పెండ్లికి ముందే దగ్గు ఉంది. దగ్గు ముందు, నా పాదం వెనక. వెనక వచ్చింది ముందు ఉన్నదానికి కారణం ఎట్లా అవుతుంది? వంట మాడిన తర్వాత వచ్చిన చుట్టం వంట మాడ్చాడంటే ఎవరైనా ఒప్పుకుంటారా? నారాయణను మింగింది ఈ గదుల్లో గాలి నిండా ఎగిరే దూది. సాంచాలు నడిపినన్నాళ్ళూ ఆయన రొమ్ములోకి పోయి కూర్చున్న దూది. నేను కాదు. నేను కాదు నారాయణా. ఎన్నేళ్ళకు అనగలిగాను ఈ మాట! నీకు వేడినీళ్ళు కాచింది నేను, వీపు నిమిరింది నేను, నిన్ను చంపింది నేను కాదు. గడపలో కూర్చొని ఒక్కదాన్నే తల ఆడిస్తున్నట్టున్నాను, అక్క ఇటు చూసి ఏమైందన్నట్టు గడ్డం ఎగరేసింది. ఏం లేదన్నాను.

ఆమె అటు తిరిగి పళ్ళెం సర్దుతుంటే కండెలు రెండూ దొర్లి ఒకదానికొకటి తగిలాయి, అప్పుడు చూశాను. చూడడమంటే పొద్దున్నుంచీ చూస్తున్నవే, కానీ ఇప్పుడు కనబడ్డాయి. పళ్ళెంలో కుంకుమ పక్కన దేవుళ్ళలా కూర్చోబెట్టిన ఆ రెండు కండెలూ చుట్టింది నేను! తెల్లవారి లేచి, ఈ చేత్తో, నూలు బిగువు చూసుకుంటూ చుట్టింది నేను. ఒక్క ఇవేనా? హనుమాండ్లు సేటు కొత్త సాంచాలు వేసిన రోజు అక్క ఇట్లాగే పట్టుచీర కట్టి మొదటి కండె పెట్టింది. అది చుట్టింది ఎవరు? గోడ వెనకాల, ఎదురు రాకుండా నన్ను కూర్చోబెట్టిన చోట, నేను. మా వెనక గల్లీలో వేసినప్పుడు? నేను. ఈ వరసలో కొత్త సాంచా ఎక్కిన ప్రతి మొదటి కండె నా చేతిలోంచి పోయిందే. నన్ను గోడ వెనక్కి పంపి, నా చేతి పనిని పళ్ళెంలో పెట్టి పసుపు రాశారు. ఇన్నేళ్ళలో ఈ తప్పు ఎవరికీ తట్టలేదు, ఎందుకు అనే రోగమున్న నాకూ తట్టలేదు! పొర్లి పొర్లి నవ్వాలనిపించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆగు సుశీలా, ఎగరకు. సామ్యేలన్న అయితే ఇక్కడ ఆగుతాడు. అవతలివాళ్ళ మాట కూడా చెప్పి చూడు. అందుకేనేమో ఆ సాంచాలు కొన్ని చెడ్డాయి, అంటారు. చెడ్డాయి, నిజమే. వెనక గల్లీ వాళ్ళవి వరదలో మునిగాయి, అవే ఇప్పుడు నా దగ్గరున్నాయి. హనుమాండ్లు సేటువి మాత్రం పిల్లలు పెట్టినట్టు పెరిగి, మేడ లేచింది. రెండుచోట్లా నా కండెలే. పెరిగినచోటా నేనే, మునిగినచోటా నేనే అయితే, పెరగడానికీ నేను కారణం కాదు, మునగడానికీ కాదు. వరద నీళ్ళు ఎవరి సాంచా ఎవరు వేశారని అడిగి రాలేదు, పల్లంలో ఉన్నవి మునిగాయి, మిట్టన ఉన్నవి మిగిలాయి. ఎంత తేలికగా ఉంది! ఒంట్లోంచి ఏదో బరువు దిగి ఎటో పోతోంది, లేచి నిలబడితే తల రేకులకు తగులుతుందేమో అన్నట్టుంది. ఆలోచన ఎంత మంచిది! దానికి పుస్తె అక్కర్లేదు, బొట్టు అక్కర్లేదు, చదువు కూడా అడగలేదు. గడపలో కూర్చున్నా వచ్చింది.

కానీ అదే లెక్క ఇంకొక అడుగు వేస్తే అక్క మీదికి పోతోంది. రెండుచోట్లా హ్యాండిల్ లాగింది కూడా ఆమే కదా. అంటే ఆమె చేతిలోనూ ఏమీ లేదు. ఈ మాట ఆమెకు చెప్పగలనా? బావ లస్మయ్యకు సాంచా పని పోయి ఇప్పుడు మాన్కోలి గోదాముల్లో మూటలెత్తుతున్నాడు. అక్క నలుగురిళ్ళలో గిన్నెలు తోముతుంది. ఎవరూ ఆమెను పిలిచి కుర్చీ వేయరు. ఇట్లాంటి రోజున మాత్రం మల్లవ్వను పిలవండి, ఆమె చెయ్యి మంచిదంటారు. ఆ ఒక్క పట్టుచీర ఈ పనికే తీస్తుంది. నారాయణ పోయాక నెలల తరబడి నా పక్కన పడుకున్నది ఈమే, రూపాలికి అన్నం కలిపి పెట్టింది ఈమే. నా గెలుపు కోసం ఈమెను ఆ స్టూలు మీదినుంచి దింపాలా? వద్దు. దింపకుండా చెయ్యాలి. ఎట్లా? సాంచాల వైపు చూశాను. పక్కపక్కన రెండు. ఒకే వరదలో మునిగినవి, ఒకే మనిషి బిగించినవి, ఒకే నూలు. మార్చాల్సింది చెయ్యి ఒక్కటే. అరే! ఒక్కటి మార్చు, మిగిలినవి ముట్టకు. అది నా ముందే నిలబడి ఉంది కదా.

లేచి లోపలికి వెళ్ళాను. నీడ ఎక్కడ పడుతోందో చూసుకోలేదు.

"అక్కా, సాంచలు రెండున్నయి. ఒకటి నువ్వెయ్యి. ఒకటి నేనేస్త."

అక్క నన్ను కింది నుంచి పైకి చూసింది. "ఏంది సుశీలా, గట్లంటవ్? రేపు ఏమన్న అయితె ఎవలనంటరు? నిన్నే అంటరు. రూపాలిని గూడ అంటరు."

"అననీ. ఒక్క మాటడుగుత చెప్పు. ఈ కండెలు ఎవలు చుట్టిండ్రు?"

"నువ్వే."

"హనుమాండ్లు సేటు సాంచలప్పుడు, నువ్వు పెట్టిన కండె?"

అక్క పళ్ళెంలోకి చూసింది. గాజులు కదల్లేదు.

సామ్యేలన్న గురక ఎప్పుడో ఆగినట్టుంది. తువ్వాలు కిందినుంచే అన్నాడు. "రెండు ఒక్కతీరుగనే బిగించిన. భీములు గూడ ఒక్కచోటినుంచే వచ్చినయి. నట్టు తేడా లేదు. ఇగ మీ ఇష్టం."

అప్పుడే నాకా వైపు ఎక్కడో దూరంగా టకటక మొదలైంది. కరెంటొచ్చింది. ఒక కార్ఖానా, దాని పక్కది, ఆ గల్లీ, ఈ గల్లీ, చప్పుడు మా వైపే నడిచొచ్చింది, నెత్తి మీద బల్బు వెలిగింది. రూపాలి పేడాల డబ్బాతో పరుగెత్తుకొచ్చి గడపలో ఆగిపోయింది, ఎందుకంటే అక్క లేచి నిలబడి ఒక కండె నా చేతికిచ్చింది. కండెను నాడెలో పెట్టాను. నారాయణ దగ్గుతూ దగ్గుతూ లాగిన హ్యాండిళ్ళన్నీ గుర్తొచ్చాయి. లాగాను.

నడిచింది! నా ఎముకల్లోకి, పళ్ళలోకి దాని చప్పుడు ఎక్కింది. నాడె ఇటు పోయి అటు వస్తోంది, బట్ట వేలెడు, బెత్తెడు, పుట్టుకొస్తోంది. పక్కన అక్క కూడా లాగింది. రెండూ నడుస్తున్నాయి. రూపాలి డబ్బా పట్టుకొనే ఎగురుతోంది, దాని కేకలు వినబడడం లేదు, నోరు మాత్రం కనబడుతోంది. నేను ఈ బట్టనూ ఆ బట్టనూ చూశాను. ఏది పుస్తె ఉన్న చేతిదో, ఏది లేని చేతిదో చెప్పమనండి ఎవరినైనా. ఇంత సంతోషం నాకు పెండ్లి నాడు కూడా లేదు, దాచుకోవడమెందుకు.

అంతలో పోగు తెగింది. అక్క సాంచాలో.

అక్క చప్పున హ్యాండిల్ వదిలేసింది. చెయ్యి ఒక్కసారిగా పుస్తె మీదికి పోయి గట్టిగా పట్టుకుంది. ఈ చప్పుడులో మాట వినబడదు, పెదవులు చూసి తెలుసుకోవడం మాకందరికీ అలవాటే. ఆమె పెదవులంటున్నాయి, "మీ బావ... మాన్కోలిల... మూటలెత్తుతుండు..." అయ్యో, ఇన్నేళ్ళూ నేను మోసిన భయమే అది. ఒక్క పోగుకు ఆమె మెడలోకి దిగింది. చూసినవా అక్కా, చెడ్డ చెయ్యి ఎవరిదో అని ఒక్క మాటంటే చాలు, గల్లీ మొత్తం రేపు నా పక్షం. కానీ ఒక్క పోగు తెగితే ఏం తేలుతుంది? ఏమీ తేలదు. నా మీద చేసిన తప్పే నేను ఆమె మీద చేస్తే ఇంత ఆలోచన ఎందుకు? వెళ్ళి ఆమె సాంచా ఆపాను. తెగిన కొసలు వెతికి ముడివేశాను. ముఖం ముఖం దగ్గర పెట్టి అన్నాను. "దారమక్కా. దారం తెగుతది. బావకేంగాదు." ఆమె పుస్తె వదల్లేదు. సామ్యేలన్న లేచి కూర్చొని చూస్తున్నాడు, కలగజేసుకోలేదు.

అంతలో నా సాంచాలోనూ తెగింది.

పోగు తెగినందుకు చప్పట్లు కొట్టిన మనిషిని ఈ భివండీలో ఎవరూ చూసి ఉండరు. నేను కొట్టాను. రూపాలి ముందు బిత్తరపోయి, తర్వాత అదీ కొట్టింది. అక్క నా సాంచాను చూసింది, తన సాంచాను చూసింది, మళ్ళీ నాది చూసింది. పుస్తె మీది చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. పట్టుచీర కొంగు నడుముకు దోపుకొని వచ్చి, నా సాంచా మీదికి వంగి, తెగిన కొసలు తనే పట్టుకొని ముడివేసింది. వేసి, నా వైపు తిరిగి నవ్వింది. పళ్ళన్నీ కనబడేటట్టు, చాలా ఏళ్ళ తర్వాత.

రెండు సాంచాలూ మళ్ళీ నడిచాయి. రెండూ కలిపి ఒక్కసారి కళ్ళనిండా చూసుకుందామని నేను గోడ దాకా వెనక్కి జరిగాను. అక్క ఇటు తిరిగింది. చప్పుడులో ఆమె పెదవులు స్పష్టంగా అన్నాయి. "గట్ల దూరం నిలబడ్డవేంది? దగ్గరికి రా. నీ సాంచనే గదా."

నేను దగ్గరికి వెళ్ళాను.